చెవిపోగు బావ

దుకాణంలో అందరూ అతన్ని చెవిపోగు అనేవాళ్ళు. ఎదురుగా కాదు. ఎదురుగా అన్నా అతని చెవికి ఎక్కేది కాదేమో, ఎందుకంటే కుడి చెవిలో ఎప్పుడూ ఆ నల్లటి బ్లూటూత్ హెడ్‌సెట్ ఉండేది. చెవి వెనక ఒక కొక్కెం, చెంప మీదికి చిన్న కాడ, కాడ చివర మిణుకుమిణుకుమనే నీలం దీపం. పొద్దున్న తగిలించుకున్నవాడు పడుకునేదాకా తీసేవాడు కాదు. స్నానానికి మాత్రం తీస్తాడని అతని భార్య చెప్పింది. అప్పుడు కూడా ఫోన్ని తలుపు బయట పెట్టి లోపల్నుంచి అరుస్తాడట.

అది గాజు పలకలు, అద్దాలు కోసే దుకాణం. ముందు గది చిన్నది. ఒక కౌంటరు, గోడల నిండా ఫోటో ఫ్రేముల ముక్కలు. వెనక గదిలో పొడవాటి బల్ల, బల్ల మీద పాత కంబళి, గోడకి ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద పెద్ద పలకలు. దుకాణం అతని మామగారిది. ఆయనకి మోకాళ్ళు అరిగిపోయాక కౌంటరు దగ్గర కూర్చోవడమే మిగిలింది. కోత పనంతా ఆయన చిన్నకూతురు చేసేది. ముప్పై దాటినా ఇంట్లో ఆమెని చిన్నది అనే పిలిచేవాళ్ళు. కోసే చక్రాన్ని కిరసనాయిలులో ముంచి, గాజు మీద ఒక్క గీత లాగి, కింద సన్నటి పుల్ల పెట్టి నొక్కిందంటే పలక తాటాకులా విడిపోయేది. గీత లాగుతున్నప్పుడు మధ్యలో ఆగకూడదు. ఆగితే అక్కడే పగులు పక్కదారి పడుతుంది.

నిజానికి ఆ హెడ్‌సెట్ కొనమన్నది చిన్నదే. చేతికి తొడుగులుంటాయి, చేతిలో గాజుంటుంది, ఫోనేమో మోగుతూ ఉంటుంది. చెయ్యి పెట్టకుండా నోటితోనే ఫోనెత్తి, నోటితోనే పెట్టెయ్యగలిగితే ఎంత హాయి అనుకుంది. తండ్రి సరేనని తెప్పించాడు. డబ్బా విప్పిన రోజే పెద్దల్లుడు దుకాణంలో చేరాడు.

అంతకుముందు అతను ఒక షోరూములో సోఫాలు అమ్మేవాడు. ఆ షోరూము మూతపడింది. "ఇంట్లో ఉంటే మనసు పాడవుతుంది, అల్లుడుగారు కాస్త దుకాణం చూసుకుంటారు" అన్నాడు తండ్రి. చూసుకోవడమంటే ఏమిటో ఎవరూ అడగలేదు. అల్లుడు డబ్బాలోంచి హెడ్‌సెట్ తీసి, "పనిచేస్తుందో లేదో చూద్దాం" అని చెవికి పెట్టుకున్నాడు. ఆ చూడడం ఇంకా పూర్తి కాలేదు.

"బావగారూ, అది బల్ల దగ్గర పనికోసం తెప్పించుకున్నా" అంది చిన్నది వారం ఆగి.

"పనికోసమే కదా వాడుతున్నా. నువ్వు గాజు కొయ్యి, నేను బిజినెస్ చూస్తా" అన్నాడు చెవిపోగు.

అతను చూసే బిజినెస్ అంతా దుకాణం నడిబొడ్డున నిలబడి, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, ఫోన్‌కి ఆజ్ఞలివ్వడమే. చేతులకి ఏ పనీ లేని మనిషికి చేతులు వాడక్కర్లేని యంత్రం దొరికింది. "అద్దాల డిపోకి ఫోన్ చెయ్యి" అనేవాడు. ఫోనేమో అద్దింటి ఓనరుకి కలిపేది. ఆ ఓనరుకీ అతనికీ నీళ్ళ మోటారు దగ్గర మాటపట్టింపు. ఆయన గొంతు వినగానే చెవిపోగు గొంతు సన్నబడేది. "అబ్బే, ఊరికే చేశానండీ, ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుందామని" అని నీళ్ళు నమిలేవాడు. ఇది ఒకసారి కాదు, తరచూ జరిగేది. పేరు మార్చి పెట్టుకుంటే సరిపోయేదానికి, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా అరిచేవాడు. ఫోన్‌కి చెవుడని అతని నమ్మకం.

కానీ ఆ అరుపులోనూ మర్యాద ఉండేది. "దయచేసి వాతావరణం చెప్పు", "దయచేసి మెసేజ్ చదువు" అనేవాడు. మనుషుల దగ్గర అంత మాట ఖర్చుపెట్టేవాడు కాదు. "టీ." "కుర్చీ." "తలుపు." ఎవరైనా అతని మాటకి బదులిస్తే వేలు పైకెత్తి, చెవి వైపు చూపించి, "నీతో కాదు" అనేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళతో కూడా అన్నాడు ఒకటి రెండుసార్లు. ఒక ముసలాయన తన పెళ్ళిఫోటోకి ఫ్రేము కట్టించుకోవడానికి వచ్చి, "ఏ రంగు బావుంటుంది బాబూ" అని అడిగి ఆ వేలు చూసి, ఫోటో చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చిన్నది వీధి మలుపుదాకా వెళ్ళి ఆయన్ని వెనక్కి తీసుకొచ్చింది.

"నాన్నా, ఈయన వల్ల మనకేం లాభం?" అంది ఆ సాయంత్రం.

"అల్లుడమ్మా" అన్నాడు తండ్రి, అదే సమాధానమైనట్టు.

ఇంతలో డ్యాన్సు స్కూలు పని వచ్చింది. ఆ ఏడాదికి అదే పెద్ద పని. ఒక పాత భవనం రెండో అంతస్తులో హాలు. ఒక గోడ మొత్తం అద్దాలు బిగించాలి. పెద్ద పలకలు మూడు, ఒక్కొక్కటి మనిషెత్తుకన్నా ఎక్కువ. లిఫ్టు లేదు, మెట్లు సన్నం, మధ్యలో ఒక మలుపు. అలాంటి మోతల్లో ఎప్పుడూ వ్యాన్ డ్రైవరు చిన్నదానికి జత. అతనెప్పుడూ ముందుండేవాడు, ఆమె వెనక. ముందున్నవాళ్ళకే దారి కనపడుతుంది కాబట్టి మాట వాళ్ళదే. ఎత్తు. ఆపు. తిప్పు. దించు. మోస్తున్నంతసేపూ ఈ మాటలు తప్ప వేరే మాట ఉండేది కాదు. ఆపు అన్నారంటే వెనకవాళ్ళు ఎక్కడున్నారో అక్కడే కాలు పాతేసి, బరువంతా తమమీద వేసుకోవాలి. ఎందుకు అని అడగకూడదు.

ఆ పొద్దున్న పలకల్ని వ్యాన్‌లోకి ఎక్కించేటప్పుడు డ్రైవరుకి నడుం పట్టేసింది. స్కూలుదాకా వ్యాన్ నడుపుకొచ్చాడు గానీ, దిగి నిటారుగా నిలబడలేకపోయాడు. "రేపు పెట్టుకుందాం" అంది చిన్నది.

"రేపెందుకు, నేనున్నా కదా" అన్నాడు చెవిపోగు. పర్యవేక్షణ అని చెప్పుకుని ముందు సీట్లో కూర్చుని వచ్చాడు అతను.

చిన్నది అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఒళ్ళు బలంగానే ఉంది. సోఫాలు మోసిన ఒళ్ళే. "సరే. చెవిలోది తీసి జేబులో పెట్టుకోండి."

"కస్టమర్ చేస్తే?"

"తర్వాత మాట్లాడచ్చు."

"చేతులు ఖాళీ లేనప్పుడు మాట్లాడడానికే కదమ్మా ఇది. నువ్వేగా కొనమన్నావు" అని నవ్వాడు. ఆ నవ్వులో తను గెలిచానన్న తృప్తి ఉంది. డ్రైవరు మొహం తిప్పుకున్నాడు.

ఎదురు చెప్పినా ప్రయోజనం లేదని ఆమెకి తెలుసు. డ్రైవరు చోట్లో అతన్ని ముందు నిలబెట్టి, మోత మాటలు నేర్పింది. ఆపు అంటే ఏమిటో, తిప్పు అంటే ఏమిటో చెప్పింది. అతను తలూపాడు. మొదటి పలక బాగానే ఎక్కింది. రెండోదీ ఎక్కింది. రెండు పలకలు ఎక్కేసరికి చెవిపోగుకి తనకి చేతకాని పని లోకంలో లేదనిపించింది. మూడోది ఎత్తుతూనే ఫోన్‌తో "పాట పెట్టు" అన్నాడు.

"బావగారూ."

"పని చేస్తున్నా కదా. కాళ్ళు నావి, చెవి నాది."

మలుపు దగ్గరికి వచ్చారు. చిన్నదానికి కనపడేది అద్దం వెనక బూడిదరంగు పూత ఒక్కటే. ఒక చెయ్యి గాజుకి అతుక్కునే రబ్బరు పిడి మీద, ఇంకో చెయ్యి అంచు కింద. అతని చెవిలో పాట మధ్యలో ఏదో మెసేజ్ వచ్చి, ఫోను దాన్ని చదవడం మొదలుపెట్టింది. అది వద్దనుకున్నాడు.

"ఆపు" అన్నాడు.

ఆమె ఆగింది. కాలు పాతేసింది. అతను ఆగలేదు, ఇంకో మెట్టు ఎక్కాడు.

పలక ఒక్కసారి అటూ ఇటూ లాగినట్టయింది. అతని చేతిలోని రబ్బరు పిడి ఊడింది. పై మూల గోడకి తగిలి, కర్ర విరిగినట్టు చప్పుడై, పగులు పైనుంచి కిందికి పరుగెత్తింది. చిన్నది వదిలేసి పక్కకి తప్పుకోవచ్చు. కానీ కింద మెట్ల మీద పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు కూర్చుని ఉన్నారు. ఆ పలక జారిందంటే వాళ్ళ మీదికే. ఆమె వదల్లేదు. మోకాలు అడ్డం పెట్టి, రెండు చేతులతో అంచుని గోడకేసి అదిమిపట్టింది. తొడుగు తెగింది, తొడుగు లోపలి చెయ్యీ తెగింది. కిందనుంచి ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి తువ్వాళ్ళతో పలకని పట్టుకున్నారు.

చెవిపోగు మాత్రం పై మెట్టు మీద రెండు చేతులూ వదిలేసి నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది, హెడ్‌సెట్ ఉందో పడిపోయిందో చూసుకోవడానికి. ఉంది. అప్పుడు కిందికి చూశాడు. రక్తం చూశాడు.

"నీతో కాదు నేను చెప్పింది" అన్నాడు.

క్లినిక్కులో కుట్లు వేస్తున్నప్పుడు చిన్నది పళ్ళు బిగించుకుని పైకప్పు చూస్తూ పడుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తెగింది. నరం తప్పించుకుందని, కొన్నాళ్ళు చెయ్యి వాడకూడదని డాక్టరమ్మ చెప్పింది. తెర అవతల వరండాలో చెవిపోగు గొంతు వినిపిస్తోంది. అతను ఎంత మెల్లగా మాట్లాడినా ఊరంతటికీ వినిపించేలాగే మాట్లాడతాడు.

"ఏం లేదండీ, మా మరదలికి చెయ్యి జారింది. ఆడపిల్ల కదా, అంత బరువు... నేను చెబుతూనే ఉన్నా ఆపు, ఆపు అని. వినలేదు. నేను లేకపోతే ఏమయ్యేదో."

డాక్టరమ్మ చేతిలో సూది ఒక్క క్షణం ఆగింది. "ఎవరాయన?"

"మా అక్క మొగుడు" అంది చిన్నది. ఆ మాటని ఆమె ఉమ్మేసినట్టుగా అంది. డాక్టరమ్మ మరేం అడక్కుండా కుట్టు ముగించింది.

ఆ కథ ఆమెకన్నా ముందే ఇంటికి చేరింది. డ్యాన్సు టీచరుకీ అదే కథ, అద్దాల డిపోకీ అదే కథ, దారి తప్పి ఫోనందుకున్న అద్దింటి ఓనరుకి కూడా అదే కథ. తండ్రి ఆమె మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "అసలేం జరిగిందమ్మా" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన తన మోకాళ్ళని రుద్దుకుంటూ, "అల్లుణ్ణి నలుగురిలో తీసెయ్యలేం కదా" అన్నాడు.

"నన్ను తీసెయ్యగలిగారు" అంది చిన్నది.

ఆయన లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు అక్క వచ్చింది. చెల్లెలు ఒంటిచేత్తో తల దువ్వుకోలేక తంటాలు పడుతుంటే చూసి, నీళ్ళు కాచి తలంటింది. అక్క నోట్లోంచి మొగుడి గురించి ఎప్పుడూ చెడ్డమాట రాలేదు. మంచిమాటా రాలేదు. చెల్లెలి జుట్టు తువ్వాలుతో తుడుస్తూ అడిగింది.

"ఆపు అన్నాడా?"

"అన్నాడు."

"ఎలా అన్నాడు?"

చిన్నది అలాగే అని చూపించింది. విసుగ్గా, ముక్కులోంచి.

"ఆఁ. ఇంట్లోనూ అదే" అంది అక్క. "నేను వడ్డిస్తుంటే అంటాడు. గరిటె అలాగే పట్టుకుని నిలబడతా. కాసేపటికి తలెత్తి, ఏంటలా నిలబడ్డావు అంటాడు. మొదట్లో ఆయన ఏదన్నా నాతో అంటున్నాడేమోనని అన్నిటికీ ఊఁ కొట్టేదాన్ని. ఎన్నిసార్లని ఆ వేలు చూస్తాం? ఇప్పుడు నిజంగా నాతో మాట్లాడినా పలకను. తేడా తెలీట్లేదు ఆయనకి."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? కొట్టడు, తిట్టడు. చెవిలో ఏదో పెట్టుకుంటాడని పంచాయితీ పెట్టనా?" అంది అక్క. కాస్త ఆగి, "నిన్ను ఆడపిల్లవని అన్నాడటగా ఫోన్లో" అంది.

"అన్నాడు."

అక్క తువ్వాలు పిండి తీగ మీద ఆరేసింది. 

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. చిన్నది కొయ్యలేకపోయినా ఫ్రేముల కొలతలు చూడచ్చని వెళ్ళింది. అక్క క్యారేజీ పట్టుకుని వెంట వచ్చింది. తండ్రి కౌంటరు దగ్గర ఉన్నాడు. నడుముకి పట్టీ కట్టుకుని డ్రైవరు స్టూలు మీద ఉన్నాడు. చెవిపోగు గది మధ్యలో, చేతులు జేబుల్లో, పైకప్పుని చూస్తూ డ్యాన్సు టీచరుతో మాట్లాడుతున్నాడు.

"...లేదు మేడం, ఇకమీదట ఆమెని మెట్లెక్కనివ్వను. అదంతా నా బాధ్యత. నిన్న కూడా నేను ఆపు అని గట్టిగా చెప్పాను మేడం, తనే కంగారుపడి..."

అక్క క్యారేజీ కౌంటరు మీద పెట్టింది. మొగుడి దగ్గరికి నడిచింది. చెయ్యి చాపి, అతని చెవిలోంచి హెడ్‌సెట్‌ని పూలు కోసినంత సుతారంగా తీసింది. అతను నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆమెకి దాన్ని పెట్టుకోవడం చేతకాలేదు. కాడని నోటి దగ్గర పట్టుకుని, రెండో చివర చెవికి ఆనించుకుంది.

"అమ్మా, నేను ఆయన భార్యని. ఆయన చెప్పింది అబద్ధం. ఆయన ఫోన్‌తో ఆపు అన్నాడు, మా చెల్లెలు తనతో అనుకుని ఆగింది. ఈయన చేతులు వదిలేశాడు. అది వదల్లేదు. మీ మెట్ల మీద కూర్చున్నవాళ్ళని అడగండి." అవతల ఏదో అన్నారు. "అవునమ్మా. మళ్ళీ అదే వచ్చి బిగిస్తుంది, చెయ్యి తగ్గాక. ఉంటాను."

పెట్టెయ్యడం ఎలాగో తెలియక హెడ్‌సెట్‌ని అటూ ఇటూ తిప్పింది. డ్రైవరు లేవబోయి నడుం పట్టుకుని, "పక్కనున్న బటన్ నొక్కండమ్మా" అన్నాడు. నొక్కింది. దాన్ని తీసుకెళ్ళి వెనక గదిలో కంబళి పరిచిన బల్ల మీద పెట్టింది.

చెవిపోగు మామగారి వైపు తిరిగాడు. "చూశారా మామయ్యా, మీ అమ్మాయి..."

ఇన్నాళ్ళూ అల్లుడి మొహం చూసి మాట మింగిన మనిషి, ఈసారి అతని వైపే చూడలేదు. క్యారేజీ మూత తీస్తూ, "భోజనం వేళయింది" అన్నాడు. అది ధైర్యం కాదు. ఆయన శక్తి అంతే. కానీ చెవిపోగుకి అది చాలు. కాసేపు నిలబడ్డాడు, తనతో ఎవరైనా మాట్లాడతారేమోనని చూశాడు, తర్వాత చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. మళ్ళీ దుకాణానికి రాలేదు. అవమానం జరిగిందని బంధువులందరికీ ఫోన్లు చేశాడు. విన్నవాళ్ళు ఆఁ, ఊఁ అన్నారు. కొన్నాళ్ళకి ఇళ్ళస్థలాలు అమ్మే ఆఫీసులో చేరాడు. పొద్దస్తమానం ఫోన్లో మాట్లాడడమే అక్కడ పని. వాళ్ళకి కావలసినవాడు వాళ్ళకి దొరికాడు.

చిన్నది ఆ హెడ్‌సెట్‌ని రెండు రోజులు ముట్టుకోలేదు. దాన్ని చూస్తేనే ఒళ్ళు మండేది. మూడో రోజు ఫోను మోగుతుంటే ఎడమచేత్తో తియ్యలేక కింద పడేసి, తిట్టుకుంటూ హెడ్‌సెట్‌ని తుడిచి చెవికి పెట్టుకుంది. ఫోన్లో డిపో పేరు మార్చుకుని, "గాజు డిపోకి ఫోన్ చెయ్యి" అంది మామూలు గొంతుతో. చేసింది. "చాలు, పెట్టెయ్యి" అంది. పెట్టేసింది.  వస్తువులో ఏ లోపమూ లేదు. నెలల తరబడి తను అసహ్యించుకున్నది ఇంత మంచి వస్తువునా అని దాని మీద జాలి కలిగింది. ఆ అసహ్యాన్నంతా తీసి, ఒక్క మనిషి ఖాతాలో వేసేసింది. పలకలు మోసేటప్పుడు మాత్రం దాన్ని తీసి దుకాణంలోనే వదిలి వెళ్ళేది.

కుట్లు మానాక మూడో అద్దం బిగించారు. ఈసారి ముందు చిన్నది, వెనక అక్క, మధ్యలో అంచు పట్టుకుని డ్రైవరు. అక్క అంతకుముందు ఎప్పుడూ గాజు మోయలేదు. కానీ చెప్పింది చెప్పినట్టు విని ఆగడం, కదలడం ఆమెకి నేర్పక్కర్లేకపోయింది. పైకి చేరాక, "దీనికన్నా కాపురం బరువు" అంది చెమట తుడుచుకుంటూ, నవ్వకుండా. మర్నాటినుంచి రోజూ దుకాణానికి రావడం మొదలుపెట్టింది. మొగుడు వద్దన్నాడో లేదో ఆమె చెప్పలేదు, చెల్లెలు అడగలేదు.

తండ్రికి మాత్రం అల్లుడు గడప తొక్కకపోవడం మనసులో ముల్లయింది. "ఒకసారి భోజనానికి పిలుద్దాం" అన్నాడు ఒక ఆదివారం ముందు.

"పిలవండి. నేనొద్దనను" అంది చిన్నది. "మాట్లాడమని మాత్రం అడక్కండి."

అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఏమీ జరగనట్టే కూర్చున్నాడు. కొత్త ఆఫీసులో తనని ఎంత గౌరవిస్తారో, తను లేకపోతే అక్కడ ఎంత గందరగోళమవుతుందో చెప్పుకుంటూ పోయాడు. తండ్రి ఊఁ కొడుతున్నాడు. అక్క వడ్డిస్తోంది. మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు మరదలి వైపు చూసి, "చెయ్యెలా ఉంది" అని అడిగాడు. అన్నాళ్ళకి అదే మొదటిసారి అడగడం.

మాట్లాడకూడదనుకున్న సంగతి కూడా మర్చిపోయి చిన్నది, "చలికి కాస్త..." అని మొదలుపెట్టింది. అప్పటికే అతను మామగారి వైపు తిరిగి, "మా మేనేజరుకీ ఇలాగే చెయ్యి విరిగితే మామయ్యా, ఆఫీసంతా నేనే..." అంటున్నాడు. అతని చెవుల్లో ఏమీ లేదు. రెండూ ఖాళీగానే ఉన్నాయి.

ఇన్నాళ్ళూ ఆ మనిషి మీద కోపం దాచుకున్నాననుకుంది చిన్నది. వెతికితే కోపం దొరకలేదు. కోప్పడడానికి ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి. ఆమె మజ్జిగ తాగి, కంచం తీసి కడిగేసుకుని, అక్కతో, "రేపు పొద్దున్నే ఆ కళ్ళజోళ్ళ షాపువాళ్ళ గాజు అరలు కొయ్యాలి, త్వరగా రా" అంది.

"వస్తా" అంది అక్క.